కొలాబ్ షూట్: డబ్బు లేని బేరంలో బాకీ ఎవరిది?

క్లుప్తంగా

ఫొటోగ్రాఫర్, మోడల్ ఒకరికొకరు డబ్బివ్వకుండా కలిసి చేసుకునే షూట్‌ను గోదావరి జిల్లాల కుర్రకారు ‘కొలాబ్’ అంటోంది. ఇందులో మోడల్ ఇవ్వాల్సింది షూట్ రోజే ఇచ్చేస్తుంది. ఫొటోగ్రాఫర్ ఇవ్వాల్సింది ఎడిటింగ్ అయ్యాక, వారాల తర్వాత వస్తుంది. గొడవలు ఎక్కువగా ఈ మధ్య కాలంలోనే పుడుతున్నాయి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకూ, ఊరికే తీయించుకున్న ఫొటోకూ కాపీరైట్ చట్టం ఒకే యజమానిని చూపించకపోవడం రెండో చిక్కు. బట్టల షాపులు, ఏఐ బొమ్మలు మధ్యలోకి వచ్చేసరికి ఈ చిక్కు ఇంకా ముదురుతోంది.

పొగమంచులో రెండు గంటలు

పుష్యమాసంలో పొద్దున ఆరు గంటలకు కడియపులంక నర్సరీల మీద మంచు ఇంకా విడవదు. ఆ వేళకే రోడ్డు పక్కన రెండు బైకులు, ఒక కారు ఆగి ఉంటాయి. బంతి మడుల మధ్య గట్టు మీద ఉప్పాడ చీర కట్టుకున్న అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్లు తడవకుండా చూసుకుంటూ నడుస్తుంటుంది. ఒక కుర్రాడు రిఫ్లెక్టర్ ఎత్తి పట్టుకుంటాడు. ఇంకొకడు కెమెరాతో మోకాళ్ల మీద కూర్చుని “చూపు కొంచెం కిందికండీ, ఆ... అలాగే” అంటుంటాడు. అమ్మాయి వాళ్లమ్మ కారులో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎనిమిది దాటితే ఎండ ముదిరిపోతుంది కాబట్టి మూడు చీరలూ ఈలోపే మారాలి.

ఈ నలుగురిలో ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వరు. అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి, షార్ట్‌ఫిల్మ్ వాళ్లు అడిగితే పంపడానికి మంచి ఫొటోలు కావాలి. కుర్రాడికి “నేనిలా తీస్తాను” అని పెళ్లివాళ్లకు చూపించుకోవడానికి నాలుగు ఫ్రేములు కావాలి. ఒకరి అవసరం ఇంకొకరి దగ్గరుంది, బేరం కుదిరింది. ఇంతవరకు తప్పుపట్టాల్సిందేమీ లేదు. రెండు నెలల తర్వాత ఇలాంటి ఇద్దరి మధ్య వాట్సాప్‌లో నడిచే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి:

“అన్నా, ఫొటోలు?”

“ఎడిటింగ్‌లో ఉన్నాయమ్మా.”

“పోయిన నెలా అదే అన్నారు కదండీ.”

“సీజన్ కదమ్మా, వరసగా పెళ్లిళ్లు. ఈ ఆదివారం పక్కా.”

ఆదివారం వస్తుంది. ఫొటోలు రావు.

పాత చీరలు, స్టీలు గిన్నెలు

వస్తువుకు వస్తువు మార్చుకోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. పాత చీరలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వస్తే బేరం గుమ్మంలోనే జరుగుతుంది. రెండు జరీ చీరలకు గిన్నె ఇస్తానంటే, దానికో మూత కూడా వెయ్యమని ఇంటావిడ పట్టుబడుతుంది. ఆవిడ చీర మడత విప్పి చిరుగు వెతుకుతుంది, ఈవిడ గిన్నెను వేలితో కొట్టి చూస్తుంది. గిన్నె చేతికొచ్చాకే చీరలు మూటలోకి వెళతాయి. మూట వీధి దాటేసరికి ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు.

నాట్ల రోజుల్లో ఒకరి చేలో ఒకరు బదులు పనికి వెళ్లడం ఇంకో రకం. ఇవాళ వాళ్ల చేను, ఎల్లుండి వీళ్ల చేను. మధ్యలో రెండు రోజులు బాకీ నిలుస్తుంది గానీ, ఎగ్గొట్టినవాళ్లు అదే కాలవ గట్టు మీద మళ్లీ ఎదురుపడాలి. ఊరి మొహమాటమే అక్కడ హామీ.

కొలాబ్‌లో ఈ రెండు రక్షణలూ లేవు. మోడల్ తన పొద్దు, ముఖం, మేకప్ ఖర్చు అన్నీ ఆ ఉదయమే ఇచ్చేస్తుంది. ఫొటోగ్రాఫర్ ఇవ్వాల్సింది మెమరీ కార్డులో ఉండిపోతుంది. అక్కడి నుంచి లాప్‌టాప్‌లోకి, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి, చివరికి డ్రైవ్ లింకులోకి రావాలి. ఇద్దరూ ఒక ఊరివాళ్లు కూడా కారు. ఆమెది అమలాపురమైతే అతనిది తణుకు, పరిచయం ఇన్‌స్టాలో. చేబదులు ఇచ్చినవాళ్లు అడగలేక నలిగినట్టే ఆమె నలుగుతుంది. చేబదులుకైనా అంకె ఉంటుంది. ఇక్కడ ఎన్ని ఫొటోలు ఇవ్వాలో కూడా ముందు అనుకుని ఉండరు.

ఫొటోగ్రాఫర్ల వైపూ ఫిర్యాదులున్నాయి, అవి చిన్నవేం కావు. తెల్లవారుజామున లొకేషన్‌కు వచ్చి ఫోన్ చేస్తే స్విచాఫ్. నాలుగు వందల ఫ్రేములు తీస్తే నాలుగు వందలూ పంపమని పట్టు. వాటిలో కళ్లు మూసినవి, ఫోకస్ తప్పినవి బయటికి వెళితే పోయేది తీసినవాడి పరువు. గంటలు కూర్చుని ఎడిట్ చేసి ఇచ్చిన ఫొటో మీద ఇంకో ఫిల్టర్ వేసి, ఒంటి రంగు తేల్చి, మూలనున్న పేరు కత్తిరించి పెట్టుకోవడం మరొకటి. చట్టం కూడా ఈ చివరి ఫిర్యాదును తేలిగ్గా తీసుకోదు. కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా, ఇది నేను తీసిందే అని చెప్పుకునే హక్కు తీసినవాళ్లకే ఉంటుందని 57వ సెక్షన్ చెబుతుంది.

ప్రింటు కాలం నాటి లెక్క

ఈ పద్ధతి ఫిల్మ్ రోజుల్లో, పాశ్చాత్య దేశాల ఫ్యాషన్ రంగంలో స్థిరపడింది. అక్కడ దీన్ని టీఎఫ్‌పీ (టైమ్ ఫర్ ప్రింట్స్) అనేవారు. మోడల్ సమయం ఇస్తే ఫొటోగ్రాఫర్ ప్రింట్లు ఇస్తాడని దానర్థం. 35 ఎంఎం రోలుకు 36 ఫ్రేములే. బటన్ నొక్కిన ప్రతిసారీ ఖర్చే, కడిగించడం ఇంకో ఖర్చు. మోడల్‌కు ఏజెన్సీలకు చూపించే ఆల్బమ్‌లోకి కొన్ని మంచి ప్రింట్లు వస్తే చాలు. ప్రింటు అనేది చేత్తో పట్టుకునే వస్తువు కాబట్టి ఎన్ని ఇచ్చారో లెక్క తెలిసేది. ఆ ఆల్బమ్ తెరిచి చూసేవాళ్లు కూడా కొద్దిమందే.

తర్వాత సీడీలు వచ్చాయి, పేరు టీఎఫ్‌సీడీగా మారింది. ఫైలుకు కాపీ ఖర్చు లేకపోవడంతో “అన్నీ ఇచ్చేయొచ్చు కదా” అనే ప్రశ్న అప్పుడే మొదలైంది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక ఆల్బమ్ స్థానంలోకి ప్రొఫైల్ వచ్చింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించడం, జులైలో మన దేశంలో రీల్స్ మొదలవడం మరో మలుపు. అప్పటిదాకా నిలబడి ఫొటో దిగితే సరిపోయేది. ఇప్పుడు నడక, చీర కొంగు ఎగరేయడం, షూట్ జరుగుతుండగా తీసిన తెరవెనుక వీడియో అన్నీ కావాలి. ఆ తెరవెనుక వీడియోలో ఎవరు ఎలా కనిపించారో చాలాసార్లు పోస్టు అయ్యాకే తెలుస్తుంది.

మోడల్ కావాలనుకునేవాళ్లకు వేరే దారి లేదా అంటే ఉంది, స్టూడియోకు డబ్బు కట్టి పోర్ట్‌ఫోలియో తీయించుకోవడం. సినిమాలో వేషమనో, యాడ్ అనో ఆశ చూపి “ముందు మా దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలి” అని వేలకు వేలు కట్టించుకునే మోసం కూడా ఈ దారి పక్కనే తిరుగుతుంటుంది. మామూలుగా ఏజెన్సీ సంపాదన ఇప్పించిన పని మీద కమీషన్‌గా రావాలి. పని ఇప్పించకముందే డబ్బు అడిగితే వాళ్ల వ్యాపారం ఫొటోలు అమ్ముకోవడమే. దానితో పోలిస్తే కొలాబ్ నిజాయితీగల బేరం. చేతిలో డబ్బు లేని అమ్మాయికీ అబ్బాయికీ కూడా అందుబాటులో ఉన్నది ఇదొక్కటే.

మూఢంలో తీసిన ఫొటోలు ముహూర్తాల్లో మునుగుతాయి

డెల్టాలో ఫొటోగ్రాఫర్ బతుకు ముహూర్తాల మీద ఆధారపడి ఉంటుంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు ఉంటే నిద్రుండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పనుండదు. గురు మూఢమో శుక్ర మూఢమో పడితే మంచి నెలలు కూడా ఖాళీగా పోతాయి. కెమెరా ఈఎంఐ మాత్రం మూఢం చూసుకుని ఆగదు.

ఖాళీ రోజుల్లో చేయి ఆడాలి, పేజీలో కొత్త పోస్టులు పడాలి. అందుకే కొలాబ్ అడగడాలు ఈ నెలల్లోనే ఎక్కువ. తమాషా ఏమిటంటే ఇక్కడ పనిలేని రోజులూ, చూడచక్కని రోజులూ చాలావరకు ఒకేసారి వస్తాయి. ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు దిగుతుంది, సార్వా నాట్లు మొదలవుతాయి. పుష్యంలో కోనసీమ కొబ్బరితోటల్లో పొగమంచు, దాళ్వా మళ్లలో లేతపచ్చ, కడియంలో చామంతులు. రాజమహేంద్రవరంలో 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన కనిపించేది కూడా ఆ మంచులోంచే.

ఇక ఆషాఢం తర్వాత వచ్చేది శ్రావణం, పుష్యం తర్వాత వచ్చేది మాఘం. రెండూ పెళ్లిళ్ల నెలలే. ఖాళీ నెలలో తీసిన కొలాబ్ ఫొటోలు ఎడిటింగ్‌కు వచ్చేసరికి టేబుల్ మీద డబ్బిచ్చిన పెళ్లి ఆల్బమ్‌లు పేరుకుంటాయి. అడ్వాన్సు తీసుకున్న పెళ్లివాళ్లు రోజూ ఫోన్ చేస్తుంటారు. కొలాబ్ ఫోల్డరు కిందికి, ఇంకా కిందికి జారిపోతుంది. “సీజన్ కదమ్మా” అన్నమాట అబద్ధం కాకపోవచ్చు. ఆలస్యానికి మనిషి బద్ధకం కంటే క్యాలెండరే పెద్ద కారణం. మోడల్‌కు ఈ సంగతి ముందే తెలిస్తే నెల గడువు అడగాలో, మూడు నెలలు ఆగాలో తేల్చుకునే వీలుంటుంది. పంచాంగం తిరగేస్తే తెలిసిపోయే విషయం కాబట్టి ఫొటోగ్రాఫర్ ముందే చెప్పడానికీ ఇబ్బంది ఉండకూడదు.

‘ఊరికే’ అన్న మాటకు అయ్యే ఖర్చు

డబ్బు చేతులు మారలేదంటే ఖర్చు లేదని కాదు. ఫొటోగ్రాఫర్‌కు అద్దె లెన్సు, పెట్రోలు, కోటిపల్లి రేవులో పంటు మీద బండి దాటించిన చార్జీ, రిఫ్లెక్టర్ పట్టిన కుర్రాడి టిఫిను, ఆపైన ఎడిటింగ్ రాత్రులు. మోడల్‌కు మేకప్, జాకెట్టు కుట్టుకూలి, అద్దె నగలు, పూలు, ఒకరోజు కాలేజీ మానడం, తోడు వచ్చినవాళ్ల బస్సు చార్జీలు. ఇద్దరూ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నప్పుడు ఈ ఖర్చులు సరితూగుతాయి. ఇద్దరూ కొత్తవాళ్లే, ఇద్దరికీ అవే పది ఫొటోలు కావాలి. ఇలాంటి కొలాబ్‌లో తగాదా వచ్చినా తేలిగ్గా సర్దుకుంటుంది.

ఒకరు మెట్టెక్కాక తూకం మారుతుంది. పేరొచ్చిన ఫొటోగ్రాఫర్‌తో దిగడానికి మోడళ్లు వరస కడతారు, షరతులు అతనివి. ఫాలోవర్లు పెరిగిన మోడల్‌ను తీయడానికి ఫొటోగ్రాఫర్లు మెసేజ్‌లు పెడతారు, అప్పుడు షరతులు ఆమెవి. మార్కెట్లో ఎవరికి గిరాకీ ఉంటే మాట వాళ్లదే అవుతుంది, అందులో వింతేమీ లేదు. పేచీ వచ్చేది వేరే చోట. ఫీజు ఎంతో చెప్పిన మేకప్ ఆర్టిస్టుకు “డబ్బులు లేవండీ, ట్యాగ్ చేస్తాం” అని జవాబిచ్చేవాళ్లు అదే షూట్‌కు బొటిక్ దగ్గర డబ్బు తీసుకుని ఉంటారు. ఈ ఫొటోల వల్ల ఎవరికైనా డబ్బు వస్తోందా అని అడిగితే చాలు, తేడా బయటపడుతుంది. ఒక్కరికి వచ్చినా మిగతావాళ్లు చేసింది కొలాబ్ కిందికి రాదు, కూలి లేని పని కిందికి వస్తుంది.

పెళ్లికూతురి ఫొటో, కొలాబ్ అమ్మాయి ఫొటో

ఎక్కువమందికి తెలియని సంగతి 1957 కాపీరైట్ చట్టంలో ఉంది. ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషే అని చట్టం అంటుంది. మొదటి యజమాని కూడా మామూలుగా కర్తే. అయితే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి, తమ కోరిక మీద ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి యజమాని ఆ తీయించుకున్నవాళ్లే.

దీని ఫలితం చూడండి. భీమవరంలో పెళ్లికి డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకున్నవాళ్లు ఏ కాగితం రాసుకోకపోయినా ఆ ఫొటోల మొదటి యజమానులు వాళ్లే. స్టూడియో వాటిని తన షోకేసులో పెట్టుకోవాలన్నా వాళ్లను అడగాలి. అదే వారం అదే ఫొటోగ్రాఫర్ కొలాబ్‌గా తీసిన అమ్మాయి ఫొటోల యజమాని మాత్రం మామూలుగా అతనే. పని అదే, కెమెరా అదే, డబ్బు చేతులు మారిందా లేదా అన్నదాన్ని బట్టి హక్కు అటుదిటు అవుతోంది. “నా ఫొటోలు నావి కాకుండా ఎలా పోతాయి” అని ఆ అమ్మాయి అనుకోవడం సహజం. “తీసింది నేను కదా” అని అతను అనుకోవడమూ సహజమే. చట్టం మొదటి చూపులో అతని వైపు నిలబడుతుంది.

మొదటి చూపులో అనడానికి కారణముంది. ప్రతిఫలం అంటే నోట్లే కానక్కర్లేదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒకరి మాటకు బదులుగా ఇంకొకరు చేసే పని కూడా ప్రతిఫలమే. షూట్ అడిగింది మోడలే అయితే, ఆమె ఇచ్చిన సమయమే ప్రతిఫలమని వాదించడానికి చోటుంది. షూట్ అడిగింది ఫొటోగ్రాఫరే అయితే ఆ వాదన నిలబడటం కష్టం. అంటే ఇన్‌స్టాలో మొదటి మెసేజ్ ఎవరు పెట్టారన్నది కూడా రేపు లెక్కలోకి రావచ్చు! ఇంత సన్నని దారం మీద హక్కులను వేలాడదీయడం ఇద్దరికీ మంచిది కాదు.

స్టూడియోలో జీతానికి పనిచేసే కుర్రాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. బయటివాళ్లెవరూ డబ్బిచ్చి తీయించుకోనిదై, ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోకు వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి యజమాని స్టూడియో అవుతుంది. సెలవు రోజున సొంతంగా చేసిన కొలాబ్ దానికిందికి రాదు గానీ, కెమెరా స్టూడియోదైతే ఓనరుతో మాటామాటా రావడం ఖాయం.

ఫొటో వేరు, అందులో ముఖం వేరు

కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే అనుకుందాం. అంతమాత్రాన దాన్ని ఎక్కడైనా వాడొచ్చా? ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఉదాహరణకు ఒక కొలాబ్ ఫొటో తీసుకుందాం. కొబ్బరితోటలో కాలవ పక్కన అమ్మాయి, వెనక నీటి మీద వెలుగు. ఫొటోగ్రాఫర్ పేజీలో చూసిన చీరల షాపు యజమాని “తమ్ముడూ, ఆ ఫొటో మా ఆషాఢం సేల్‌కు వాడుకుంటాం” అంటాడు. నాలుగు వేలో ఐదు వేలో చేతిలో పెడతాడు. పది రోజులకు సెంటర్‌లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేస్తుంది. అమ్మాయి మేనమామ బస్సులోంచి చూసి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇన్‌స్టాలో వేలమంది చూసినా ఇంట్లో రాని గొడవ ఒక్క ఫ్లెక్సీతో వస్తుంది. తెలిసినవాళ్లు చూసే చోటే పరువు లెక్కలు నడుస్తాయి మరి.

చట్టం దృష్టిలో ఇక్కడ రెండు హక్కులున్నాయి. ఫొటో మీద హక్కు ఒకటి, ముఖం మీద హక్కు మరొకటి. ఒకరి పేరునో రూపాన్నో వాళ్ల అనుమతి లేకుండా ప్రకటనల్లో వాడటం ఆంతరంగికత హక్కును ఉల్లంఘించడమేనని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కాబట్టి ఫొటోగ్రాఫర్ షాపుకు ఇవ్వగలిగింది కాపీరైట్ అనుమతి మాత్రమే. ముఖాన్ని వాడుకునే అనుమతి మోడల్ దగ్గర తీసుకోవాలి. పెద్ద ఊళ్ల యాడ్ ఏజెన్సీలు మోడల్ రిలీజ్ ఫారం మీద సంతకం లేనిదే ఫొటో ముట్టుకోకపోవడానికి కారణమిదే. మన సెంటర్లలో ఫ్లెక్సీ ప్రింటు చేసేవాళ్లు అడిగేది సైజు ఒక్కటే.

ఇదే లెక్క తిరగేసినా వర్తిస్తుంది. మోడల్ తన ముఖమే కదా అని ఆ ఫొటోను నగల షాపుకు ఇచ్చి డబ్బు తీసుకుంటే, కాపీరైట్ ఉన్న ఫొటోగ్రాఫర్ అభ్యంతరం చెప్పొచ్చు. ఇద్దరి చేతుల్లోనూ సగం తాళం చెవే ఉంది.

చీర ఇచ్చి రీల్ అడిగే షాపులు

ఈ మధ్య షాపులే నేరుగా ‘బార్టర్’ అంటున్నాయి. చీర ఇస్తాం, రీల్ చేయండి. ఇలాంటి పోస్టులో డబ్బు తీసుకోకపోయినా, వస్తువు ఊరికే వచ్చినా, అది ప్రచారమని చూసేవాళ్లకు తెలిసేలా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా అదే చెప్పింది. పన్ను వైపు చూస్తే, ఇలా వ్యాపారంలో వచ్చే లబ్ధి విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే ఇచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టి కట్టే పన్ను) చూసుకోవాలన్న నిబంధన 2022 జులై నుంచి వచ్చింది. చిన్న వ్యాపారులకు మినహాయింపు ఉంది కాబట్టి ఊళ్లో షాపులకు ఇది అంతగా తగలదు. షూట్ అయ్యాక చీర తిరిగిచ్చేస్తే అది లబ్ధి కిందికే రాదని కూడా అప్పుడే స్పష్టం చేశారు. పిన్ను గుచ్చిన చోట చిల్లు పడింది, ఎవరు కట్టాలన్న పేచీకి మాత్రం ఏ సర్క్యులరూ లేదు.

లంకల్లో, సరుగుడు తోటల్లో

అందమైన లొకేషన్లు ఎక్కువగా ఒంటరి చోట్లే. గోదావరి మధ్య లంకలు, అంతర్వేది వైపు సరుగుడు తోటలు. బట్టలు మార్చుకోవడానికి కారే గది. అందుకే తోడు ఎవరినైనా తెచ్చుకుంటానంటే వద్దనే ఫొటోగ్రాఫర్ దగ్గర ఆగి ఆలోచించాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా చేసినా వర్తించేలా నిర్వచనాలు రాసుకుంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల ఫిర్యాదులకు జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలి. “నేనేమీ ఉద్యోగిని కాదు కదా” అని వెనక్కి తగ్గేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆంతరంగిక దృశ్యాల విషయంలో తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలో ఉంది.

పద్దెనిమిది నిండనివాళ్ల మాట వేరు. వాళ్లు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు, సంతకం పెట్టినా పెట్టనట్టే. ఇంటర్ చదివే అమ్మాయితో కొలాబ్ అంటే మాట్లాడాల్సింది అమ్మానాన్నలతో. ఓణీల ఫంక్షన్ ఫొటోలకు “మా పేజీలో పెట్టుకోనిస్తే కొంత తగ్గిస్తాం” అని స్టూడియోలు అనడం కూడా ఒక రకం కొలాబే. అక్కడ ఒప్పుకునేది తల్లిదండ్రులు, పేజీలో ఉండిపోయేది పన్నెండేళ్ల పిల్ల ముఖం.

నోటిమాట కౌలు, నోటిమాట కొలాబ్

రాసుకుంటే సగం గొడవలు పుట్టవని అందరికీ తెలుసు. అయినా రాసుకోరు. “రాసుకుందామండీ” అంటే “మీ మీద నమ్మకం లేదు” అన్నట్టు వినిపిస్తుంది. డెల్టాలో కౌలు ఇలాగే నడుస్తోంది. చాలాచోట్ల నోటిమాటే. కాగితం రాస్తే కౌలుదారుకు ఏదో హక్కు పుడుతుందని భూయజమాని భయం. పంట మునిగి నష్టపరిహారం వచ్చే రోజున చేను చేసినవాడి దగ్గర రుజువుండదు. 2011లో ఒకసారి, 2019లో మరోసారి కౌలుదారులకు కార్డులిచ్చే చట్టాలు వచ్చినా యజమానుల జంకు పోలేదు. కొలాబ్‌లోనూ కాగితం వద్దనిపించేది హక్కు తమ చేతిలో ఉందనుకునేవాళ్లకే. నష్టపోయేది రుజువు లేనివాళ్లు.

స్టాంపు పేపరు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న కారణంతో ఒప్పందాన్ని తోసిపుచ్చకూడదని ఐటీ చట్టం 10ఎ సెక్షన్ అంటుంది. షూట్‌కు ముందు రోజు ఇలాంటి మెసేజ్ ఒకటి చాలు:

“శనివారం కడియం, 6 నుంచి 8.30. మూడు చీరలు. ఎడిట్ చేసిన ఫొటోలు 15, రీల్ ఒకటి, ఉగాదిలోపు ఇస్తాను. రా ఫైల్స్ (ఎడిట్ చేయని అసలు ఫైళ్లు) ఇవ్వను. ఇద్దరం ఇన్‌స్టాలో పెట్టుకోవచ్చు, ట్యాగ్ చెయ్యాలి. షాపులకు, యాడ్‌లకు ఎవరం ఇచ్చినా ముందు రెండోవాళ్లను అడగాలి, డబ్బొస్తే చెరి సగం. తెరవెనుక వీడియో చూపించాకే పెడతాను. ఏఐలో వాడకూడదు. ఓకేనా అండీ?”

“ఓకే అన్నా. అమ్మ కూడా వస్తుంది.”

కాపీరైట్‌ను పూర్తిగా రాసివ్వాలంటే మాత్రం ఇది సరిపోదు. దానికి సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లనే చట్టం లెక్క వేస్తుంది. కొలాబ్‌లకు అంత అవసరం ఎప్పుడో గానీ రాదు.

చీర మారుతుంది, ముఖం మారదు

మెసేజ్‌లో ఏఐ మాట ఎందుకంటే, షాపులకు ఇప్పుడు షూట్ కూడా అక్కర్లేకుండా పోతోంది. ఒక మంచి ఫొటో దొరికితే అందులోని మనిషికి కొత్త చీర తొడిగే యాప్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి. ముఖం ఆ అమ్మాయిదే, నిలబడిన తీరు ఆమెదే, కట్టిన చీర మాత్రం ఆమె ఎన్నడూ చూడనిది. ఒక్క కొలాబ్ ఫొటో నుంచి షాపు మొత్తం స్టాకు తయారవుతుంది. దీనివల్ల మొదట తగ్గేది చిన్న మోడళ్ల పెయిడ్ పనులు, ఆ తర్వాత వాళ్లను తీసే ఫొటోగ్రాఫర్ల పని. కొలాబ్‌లో ఇద్దరూ ఆశపడేది ఎప్పటికైనా ఆ డబ్బు పని వస్తుందనే కాబట్టి, బేరం అడుగునే నీరు తగ్గిపోతున్నట్టు లెక్క.

మార్చిన బొమ్మలతో ఒకరిలా నటించడం, అసభ్యంగా చూపించడం మీద ఫిర్యాదొస్తే సోషల్ మీడియా సంస్థలు 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నిబంధనల్లోనే గడువు పెట్టారు, 2026లో దాన్ని ఇంకా కుదించారు. చీర మార్చి సేల్ పోస్టరు వేయడం ఆ కోవలోకి సూటిగా రాదు. అక్కడ మళ్లీ అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్నకే రావాలి. కొత్త షూట్‌లకు ఆ షరతు ముందే రాసుకోవచ్చు. ఐదారేళ్ల కిందట బంతి మడిలో నిలబడిన అమ్మాయి మాత్రం అప్పట్లో ఒప్పుకున్నది ఇన్‌స్టాలో నాలుగు పోస్టులకు. ఆమెకు పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోయి ఉండొచ్చు, ఆ కుర్రాడు ఫోన్ నంబరు మార్చేసి ఉండొచ్చు. పోస్టులు అక్కడే ఉన్నాయి, ఎవరైనా సేవ్ చేసుకునేంత స్పష్టంగా.